ఇల్లూ గుంటా స్మార్టైతే పెత్తనం ఎవరిది?

నెల్లూరు, ఒంగోలులో కొత్త ఫ్లాట్లు అమ్మేవాళ్లు లిఫ్టు, జనరేటర్ బ్యాకప్‌తో పాటు ఇప్పుడు 'స్మార్ట్ హోమ్' అన్న మాట కూడా కలుపుతున్నారు. తీరం వెంట ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీదికి నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లను ఫోన్ నుంచి వేసే పెట్టెలు వస్తున్నాయి. అమ్మేటప్పుడు రెండుచోట్లా చూపించేది ఒకటే. ఫోన్‌లో ఒక యాప్, అందులో ఒక బటన్, నొక్కగానే పచ్చరంగు. కొన్నాక మొదలయ్యే ప్రశ్నలకు ఆ పచ్చరంగులో జవాబు దొరకదు. గోడ మీద స్విచ్చు ఎవరన్నా ఆపేస్తే యాప్ ఏం చూపిస్తుంది? నెట్ పోతే ఏమవుతుంది? ఇంట్లో ఐదుగురు ఉంటే ఎవరి మాట చెల్లుతుంది? తనంతట తానే ఆగిన మోటారు ఎందుకు ఆగిందో ఎట్లా తెలుస్తుంది?

ఇవి ఏదో ఒక కంపెనీ సరుకులో ఉన్న లోపాలు కావు. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, మనం చెప్పకపోయినా పనులు చేసే చోట మనిషికి పెత్తనం ఎలా మిగల్చాలన్నది పరిశోధకులు ముప్పై ఏళ్లకు పైగా కుస్తీ పడుతున్న చిక్కు. అలాంటి ఏర్పాటునే యాంబియంట్ కంప్యూటింగ్ అంటారు.

## యాంబియంట్ కంప్యూటింగ్ అంటే ఏమిటి

కంప్యూటర్ అనగానే బల్ల మీద పెట్టె, చేతిలో ఫోన్ గుర్తొస్తాయి. దాని ముందు మనం కూర్చుంటాం, అది తెర చూపిస్తుంది. యాంబియంట్ కంప్యూటింగ్‌లో కంప్యూటర్ ఒక్క చోట ఉండదు. గదంతా, ఇల్లంతా, గుంట గట్టంతా పరుచుకుని ఉంటుంది. చుట్టూ ఏం జరుగుతోందో సెన్సర్లు కొలుస్తాయి. ఆ కొలతలు చూసి కంట్రోలర్ నిర్ణయం తీసుకుంటుంది. ఆ నిర్ణయాన్ని రిలేలు, కాంటాక్టర్లు (ఆజ్ఞ అందగానే కరెంటును కలిపే, తెంచే స్విచ్చులు), మోటార్లు పనిగా మారుస్తాయి. వీటన్నిటినీ వైఫై, బ్లూటూత్, జిగ్బీ, లోరా లాంటి ఏదో ఒక నెట్‌వర్క్ కలుపుతుంది.

ఈ ఆలోచనకు పునాది వేసినవాడు అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాశాలలో పనిచేసిన మార్క్ వైజర్. 1988లో దీనికి 'యుబిక్విటస్ కంప్యూటింగ్', అంటే అంతటా ఉండే కంప్యూటింగ్, అని పేరు పెట్టాడు. 1991 సెప్టెంబరులో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసంలో, జీవితంలో బాగా కలిసిపోయిన సాంకేతికత కంటికి ఆనకుండా పోతుందని వాదించాడు. ఆ తర్వాత వచ్చిన స్మార్ట్ స్పీకర్లు, గది వేడిని సరిచేస్తూ మన అలవాట్లు నేర్చుకునే థర్మోస్టాట్లు, ఫోన్‌తో నడిచే బల్బులు అన్నిటి వెనకా ఆ వాదన నీడ ఉంది.

ఇంటర్‌ఫేస్ అంటే యంత్రానికీ మనిషికీ మధ్య ఉండే ముఖం. మనం చూసేది, వినేది, నొక్కేది అంతా ఇంటర్‌ఫేసే. ఫోన్ విషయంలో అది తెర. మరి ఇల్లంతా పరుచుకున్న కంప్యూటర్‌కు ముఖం ఎక్కడ? గోడ మీది స్విచ్చు, ఫోన్ యాప్, గొంతు, ప్యానెల్ మీద వెలిగే దీపం, సైరన్, ఆఖరికి సెన్సర్ కింద మనిషి నడిచి వెళ్లడం కూడా ముఖమే. ఇన్ని ముఖాలూ ఒకే మాట చెప్పాలి. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

## ఆటో స్టార్టర్, మిస్డ్ కాల్: మనకు ముందే తెలిసిన పాఠాలు

ఈ సంగతి మన పొలాలకు కొత్తేమీ కాదు. వ్యవసాయానికి త్రీ ఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో రైతులు పంపుసెట్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేస్తుంది, రైతు ఇంట్లో పడుకున్నా నీళ్లు పారతాయి. సెన్సర్, నిర్ణయం, పని మూడూ అందులో ఉన్నాయి. ఎవరి మోటారుకు వాళ్లు చూసుకుంటే ఇంతకంటే సుఖం లేదు. కానీ ఇండక్షన్ మోటారు లేచే క్షణంలో మామూలుగా ఆడేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు వచ్చిన క్షణంలోనే లేస్తే దాని గతేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. కరెంటోళ్లు ఆటో స్టార్టర్లు తీసేయమని పోరు పెట్టింది అందుకే. విడివిడిగా ఒప్పైన నిర్ణయాలు కలిసి తప్పవుతాయి. కలిపి చూపించే ముఖం ఎక్కడా లేకపోతే ఆ తప్పు ఎవరికీ కనపడదు.

పొదిలి, కనిగిరి వైపు బోర్ల కింద సేద్యంలో ఇంకో ఇబ్బంది ఉంది. కరెంటు వచ్చిందని మోటారుకు తెలుసు, బోరులో నీళ్లు లేవని తెలియదు. ఉత్తినే తిరిగి కాలిపోతుంది. తీసుకునే నిర్ణయానికి కావలసిన సెన్సర్ లేకుండా చేసిన ఆటోమేషన్ అది.

తర్వాత సిమ్ కార్డు పెట్టిన మొబైల్ స్టార్టర్లు వచ్చాయి. కొన్ని రకాల్లో మిస్డ్ కాల్ ఇస్తే మోటారు లేస్తుంది, కొన్నిట్లో ఫోన్ చేసి నంబరు నొక్కాలి, కొన్నిట్లో మెసేజ్ పంపాలి. తెర అక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మిస్డ్ కాల్‌కైతే ఖర్చు కూడా లేదు. చదువు రాని మనిషి కూడా వాడగలిగిన ఇంటర్‌ఫేస్ ఇది. దీనికి దక్కాల్సిన గౌరవం దక్కలేదని నాకనిపిస్తుంది.

దీంతోనే ఒక చిక్కును సులువుగా అర్థం చేసుకోవచ్చు. మిస్డ్ కాల్‌కు 'వెయ్యి' అని అర్థం పెట్టొచ్చు, 'మార్చు' అనీ పెట్టొచ్చు. 'మార్చు' అంటే ఆగి ఉంటే వేయడం, ఆడుతుంటే ఆపడం. సిగ్నల్ సరిగా లేని చోట కాల్ వెళ్లిందో లేదో తెలియక రైతు ఇంకోసారి చేస్తాడు. అర్థం 'వెయ్యి' అయితే రెండోసారి చేసినా నష్టం లేదు, మోటారు ఆడుతూనే ఉంటుంది. 'మార్చు' అయితే రెండో కాల్ మోటారును ఆపేస్తుంది. మెట్ల దగ్గర కిందొకటి పైనొకటి స్విచ్చులున్న లైటు లాంటిదే ఇది. స్విచ్చు పైకుందా కిందికుందా అన్నదాన్ని బట్టి లైటు సంగతి చెప్పలేం, లైటు కనపడాలి. లైటు కనపడని దూరంలో ఉన్నవాడికి అలాంటి స్విచ్చు ఇవ్వకూడదు. దూరం నుంచి నడిపే యాప్‌లలో 'ఆన్', 'ఆఫ్' అనే రెండు వేర్వేరు ఆజ్ఞలు పంపడం మంచిదని ఇంజనీర్లు చెప్పేది ఈ కారణంగానే.

## అడిగింది వేరు, జరిగింది వేరు

యాప్‌లో పచ్చరంగు వచ్చిందంటే ఏం అర్థం? మూడు అర్థాలు ఉండొచ్చు. మీ ఆజ్ఞ బయల్దేరిందని, ఆజ్ఞ అందుకుని రిలే మూసుకుందని, మోటారు నిజంగానే తిరుగుతోందని. చాలా యాప్‌లు మొదటిదో రెండోదో తెలుసుకుని మూడోదని నమ్మిస్తాయి.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో తెలిసింది. ఒత్తిడి తగ్గించే వాల్వు ఒకటి తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్ ప్యానెల్ మీది దీపం మాత్రం వాల్వు మూసుకుందన్నట్టే ఉంది. నిజానికి ఆ దీపం కొలిచింది వాల్వును కాదు, మూసుకోమని ఇచ్చిన ఆజ్ఞను. ఆపరేటర్లు దీపాన్ని నమ్మారు. రియాక్టర్‌ను చల్లబరిచే నీళ్లు రెండు గంటలకు పైగా బయటికి పోతూనే ఉన్నాయి.

గుంట దగ్గరికి వద్దాం. కాంటాక్టర్ మూసుకుంది, యాప్ 'ఆన్' అంటోంది. మూడు ఫేజుల్లో ఒకటి లేదు. ఏరేటర్ మోటారు తిరగలేక మూలుగుతూ వేడెక్కుతోంది. లేదా మోటారు తిరుగుతోంది గానీ రెక్క విరిగింది. ఆజ్ఞను మాత్రమే చూపించే యాప్‌కు ఇవేవీ తెలియవు. మోటారుకు వెళ్లే వైరు చుట్టూ కరెంటు కొలిచే చిన్న కాయిల్ పెడితే సంగతి మారుతుంది. మామూలుగా లాగే ఆంపియర్లు లాగుతుంటే తిరుగుతున్నట్టు, బాగా తక్కువైతే రెక్కల మీద నీటి బరువు పడనట్టు, విపరీతంగా పెరిగితే ఇరుక్కున్నట్టు. అప్పుడు యాప్ 'వేయమని చెప్పాం, కానీ తిరగడం లేదు' అని రాయగలదు. ఆ ఒక్క వాక్యం కోసం అదనంగా ఒక సెన్సర్ కావాలి. ఇంటర్‌ఫేస్ డిజైన్ అంటే తెర మీద బొమ్మలు గీయడమే అనుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే. ముఖం మీద ఏ నిజం చెప్పాలో ముందు తేల్చుకుంటే, లోపల ఏం కొలవాలో దాన్ని బట్టి తేలుతుంది.

కొలతకు వయసు కూడా ఉంటుంది. తెర మీద ఆక్సిజన్ (లీటరు నీటికి మిల్లీగ్రాముల్లో) 4.6 అని ఉంది. అది ఇప్పటిదా, నలభై నిమిషాల కిందటిదా? సెన్సర్ ఆగిపోయినా, సిగ్నల్ పోయినా, ఆఖరుగా వచ్చిన అంకె తెర మీద అలాగే కూర్చుంటుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన తెర అదే, ఎందుకంటే అది ప్రశాంతంగా కనిపిస్తుంది. అంకె పక్కన 'ఇన్ని నిమిషాల కిందట' అని రాయడం, సమయం దాటితే అంకెను వెలిసిపోయినట్టు చూపించడం చిన్న పనులు. గుంట నీళ్లలో మునిగి ఉండే సెన్సర్ మొన (ప్రోబ్) మీద పాచి పట్టి కొలతే తప్పుగా వస్తే ఇంకా కష్టం. అప్పుడు అంకె తాజాగానే ఉంటుంది, అబద్ధం చెబుతుంది. ఆఖరుగా ఎప్పుడు శుభ్రం చేశారో, ఎప్పుడు కాలిబ్రేట్ చేశారో, అంటే కొలత సరిచూశారో కూడా అదే తెర మీద ఉంటే ఎంతవరకు నమ్మాలో చూసేవాడికి తెలుస్తుంది.

## రాత్రి మూడు గంటలకు ఒక గుంట

నియమాలు, అంటే 'ఇలా అయితే అలా చెయ్యి' అని ముందే రాసిపెట్టేవి, ఈ వ్యవస్థలకు ప్రాణం. ఒక్కో నియమం చదివితే తేలిగ్గా ఉంటుంది. నాలుగు కలిస్తేనే తికమక. ఊహించుకున్న గుంటతో ఒక లెక్క చేసి చూద్దాం.

పగలు నీటిలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్లేదీ అన్నీ ఆక్సిజన్ వాడుకునేవే. అందుకే తెల్లవారడానికి ముందు ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. ముసురు పట్టిన రోజైతే మరీ తక్కువ. వనామీ రకం రొయ్యల సాగులో లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉంచాలని చూస్తారు. మన గుంటకు ఎనిమిది ఏరేటర్లున్నాయి. మొదటి నియమం: ఆక్సిజన్ 4 కంటే తగ్గితే ఎనిమిదీ వెయ్యాలి. రెండో నియమం: జనరేటర్ మీద నడిచేటప్పుడు నాలుగే ఆడాలి, ఎందుకంటే జనరేటర్ అంతకంటే మోయదు.

రాత్రి మూడింటికి కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది. ఆక్సిజన్ 3.8. మొదటి నియమం ఎనిమిది అంటోంది, రెండోది నాలుగు అంటోంది. కంట్రోలర్ రెండోదాన్ని పాటించింది, సరైన పనే చేసింది. నెల్లూరులో నిద్రలేచిన యజమాని ఫోన్ చూశాడు. ఆక్సిజన్ 3.8, నాలుగు ఆన్, నాలుగు ఆఫ్. కాపలా మనిషికి ఫోన్ చేశాడు.

"మామా, ఏరేటర్లు ఎన్ని ఆడతన్నయి?"

"నాలుగేనన్నా. మిగతాయి ఎందుకాగినయ్యో తెలీడంలా."

యజమాని యాప్‌లో 'అన్నీ ఆన్' నొక్కాడు. జనరేటర్ ఓవర్‌లోడ్ అయి ట్రిప్పయింది. ఇప్పుడు ఎనిమిదీ ఆగిపోయాయి.

ఇందులో ఎవరి తెలివికీ లోటు లేదు. 'జనరేటర్ మీద ఉంది, అందుకే నాలుగు' అన్న ఒక్క ముక్క తెర మీద లేదు, అంతే. ఏం జరుగుతోందో చూపించి ఎందుకో చూపించని ఇంటర్‌ఫేస్, మనిషిని తప్పు సవరణ వైపు తోస్తుంది. మొండిగా 'అన్నీ ఆన్' నొక్కినా, 'దీనివల్ల జనరేటర్ ఆగిపోవచ్చు' అని చెప్పి మళ్లీ అడగడం వేరు, నోరు మూసుకుని పాటించడం వేరు.

కథ ఇంకా అయిపోలేదు. నాలుగింటికి కరెంటు వచ్చింది. 'కరెంటు వచ్చినప్పుడు ఎనిమిదీ వెయ్యి' అని నియమం రాసి ఉంది. కానీ కరెంటు వచ్చిన క్షణంలో రౌటర్ ఇంకా లేవలేదు. కంట్రోలర్‌కు ఆ వార్త చేరలేదు. వచ్చిన క్షణం దాటిపోయింది కాబట్టి నియమం ఇక కదలదు. అదే నియమాన్ని 'కరెంటు ఉన్నంతసేపు ఎనిమిదీ ఆడాలి' అని రాస్తే, రౌటర్ ఎప్పుడు లేచినా కంట్రోలర్ పరిస్థితి చూసి సరిచేస్తుంది. ఒకటి సంఘటన మీద రాసిన నియమం, రెండోది స్థితి మీద రాసింది. మాటల్లో తేడా చిన్నది కాబట్టి నియమాలు రాసేవాళ్లు ఇక్కడ తరచూ జారిపడతారు. మంచి ఇంటర్‌ఫేస్ రాసేటప్పుడే 'వచ్చిన క్షణంలో మాత్రమేనా, ఉన్నంతసేపూనా' అని అడుగుతుంది.

ఇంకో చిన్న మెలిక. 4 కంటే తగ్గితే వెయ్యి, 4 దాటితే ఆపు అని రాస్తే, కొలత 3.9కీ 4.1కీ మధ్య ఊగినంతసేపూ మోటార్లు లేస్తూ పడుతూ ఉంటాయి. అందుకే 4 దగ్గర వేసి 5 దగ్గర ఆపేలా మధ్యలో ఖాళీ వదులుతారు. తెర మీద ఆ ఖాళీ కనపడకపోతే, 4.5 ఉన్నా ఇంకా ఎందుకు ఆడుతున్నాయని డీజిల్ పోసేవాడికి అనుమానం వస్తుంది.

## గట్టు మీది మనిషి మాటే ఆఖరు

స్టార్టర్ ప్యానెళ్ల మీద 'ఆటో, ఆఫ్, మాన్యువల్' అని తిప్పే మీట ఉంటుంది. దూరపు ఆజ్ఞలు వచ్చాక ఈ మీట విలువ పెరిగింది. ఏరేటర్ రెక్కల్లో చుట్టుకున్న తాడు తీయడానికి మనిషి గుంటలోకి దిగాడనుకోండి. అదే సమయంలో ఆక్సిజన్ తగ్గి కంట్రోలర్ మోటారును లేపొచ్చు, ఊళ్లో ఉన్న యజమాని ఫోన్ నుంచి లేపొచ్చు. నీళ్లూ కరెంటూ తిరిగే రెక్కలూ ఉన్న చోట అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. కాబట్టి గట్టు మీద 'ఆఫ్'లో పెట్టిన మీటను ఏ యాప్, ఏ నియమం, ఏ సర్వరూ దాటలేకుండా ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో 'దాటొద్దు' అని రాసుకుంటే చాలదు, వైరింగులోనే మార్గం తెగిపోవాలి. యాప్ 'గట్టు మీద ఆపారు' అని ఎప్పటినుంచో కూడా కలిపి చూపిస్తే సరిపోతుంది.

ఇంట్లో ఇదే సూత్రం మెత్తగా కనిపిస్తుంది. స్మార్ట్ బల్బుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి. గోడ స్విచ్చు ఆపితే బల్బుతో పాటు దానిలోని రేడియో కూడా చస్తుంది, యాప్‌కు అందదు. దాంతో కొందరు స్విచ్చు మీద టేపు అంటిస్తారు. అంటే ఇంటికొచ్చిన చుట్టానికి లైటు వేసుకునే దారి మూసేసినట్టే. స్విచ్‌బోర్డు వెనక చిన్న రిలే పెట్టే పద్ధతిలో పాత స్విచ్చు పాత పనే చేస్తుంది, యాప్ కూడా పనిచేస్తుంది. ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేదు.

అయితే చేత్తో చేసిన మార్పు ఎంతసేపు నిలవాలన్నది తేలని వాదన. మళ్లీ చేత్తో తిప్పేదాకా నిలవాలంటే, మర్చిపోయి మాన్యువల్‌లో వదిలేసిన రాత్రి ఆటోమేషన్ లేనట్టే. తర్వాతి నియమం వచ్చేదాకానే అంటే, అవ్వ చలేస్తోందని ఆపిన ఏసీ పది నిమిషాలకు మళ్లీ లేస్తుంది. రెండు గంటల తర్వాత దానంతట అదే ఆటోలోకి వెళ్లాలంటే, గుంటలో దిగిన మనిషికి అదే ప్రమాదం. సుఖానికి సంబంధించిన చోట గడువు పెట్టొచ్చు, ప్రాణానికి సంబంధించిన చోట గడువు ఉండకూడదు. అన్ని పరికరాలకూ ఒకే జవాబు కుదరదు.

## మాయమవ్వాలా, కారణం చెప్పాలా

వైజర్, ఆయన సహచరుడు జాన్ సీలీ బ్రౌన్ 1995 ప్రాంతంలో 'ప్రశాంత సాంకేతికత' అనే ఆలోచన తెచ్చారు. సమాచారం ఎప్పుడూ మన కళ్ల ముందుకు రాకూడదు, పక్కన ఉండాలి, అవసరమైనప్పుడే మధ్యలోకి రావాలి. దానికి వాళ్లు చూపిన ఉదాహరణ నటాలీ జెరెమిజెంకో అనే కళాకారిణి చేసిన వేలాడే తాడు. పైకప్పు నుంచి చిన్న మోటారుకు కట్టిన ప్లాస్టిక్ తాడు ఆఫీసు నెట్‌వర్క్‌లో రద్దీని బట్టి కదిలేది. రద్దీ ఎక్కువైతే గిరగిరా తిరిగేది, తక్కువైతే సన్నగా వణికేది. తెర లేదు, అంకె లేదు, చెవికీ కంటి కొసకూ తెలిసిపోయేది.

మన స్టార్టర్ పెట్టెల మీద ఎర్ర, పసుపు, నీలం దీపాలు మూడు ఉంటాయి కదా, ఫేజుకొకటి. పొలం ఆ చివర నుంచే చూసి ఒకటి వెలగడం లేదంటే ఫేజు పోయిందని రైతు గ్రహిస్తాడు. ఎవరూ యాప్ తెరవక్కర్లేదు. ప్రశాంత సాంకేతికతకు ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

ఇంకో అడుగు ముందుకు వేసినవాళ్లు యంత్రమే మన అలవాట్లు నేర్చుకోవాలన్నారు. అమెరికాలోని కొలరాడోలో మైకేల్ మోజర్ అనే పరిశోధకుడు 1990లలో ఒక పాత బడి భవనంలో తన ఇంటినే అలా మార్చాడు. ఇంట్లో వాళ్లు లైటు స్విచ్చు వేసుకోవాల్సి వచ్చిందంటే, దాన్ని తన తప్పుగా లెక్కగట్టుకుని కంట్రోలర్ నేర్చుకునేది. మామూలు స్విచ్చే గురువు. 2011లో వచ్చిన నెస్ట్ థర్మోస్టాట్ ఇదే దారిలో నడిచింది.

దీన్ని ప్రశ్నించినవాళ్ల వాదన కూడా బలమైనదే. విక్టోరియా బెలొట్టి అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 2002లో డిజైనర్ల ముందు ఐదు ప్రశ్నలు పెట్టారు. నేను దీన్నే పిలుస్తున్నానని దానికెలా తెలియాలి? అది వింటోందని నాకెలా తెలియాలి? ఏం చేయాలో, దేని మీద చేయాలో ఎలా చెప్పాలి? సరిగ్గా చేసిందని ఎలా తెలుసుకోవాలి? పొరపాటైతే ఎలా దిద్దుకోవాలి? మామూలు తెరలో వీటికి మౌస్, బాణం గుర్తు, మెనూ, 'అన్‌డూ' జవాబు చెబుతాయి. కనిపించని కంప్యూటర్‌లో జవాబులన్నీ కొత్తగా కట్టాలి. 'ఆ లైటు ఆపు' అని గొంతుతో చెబితే ఏ లైటు? హాల్లో టీవీ మాట విని స్పీకర్ లేస్తే ఎలా? స్మార్ట్ స్పీకర్ల మీద వెలిగే రంగు వలయం రెండో ప్రశ్నకు దొరికిన జవాబే.

యివాన్ రోజర్స్ అనే ఇంకో పరిశోధకురాలు 2006లో ఇంకా సూటిగా చెప్పింది. మన కోసం అన్నీ తామే చేసే యంత్రాల కంటే, మనల్ని చురుగ్గా ఉంచి మన నేర్పును పెంచే యంత్రాలు కావాలన్నది ఆమె మాట. అంతకు చాలా ముందే, 1983లో, లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆటోమేషన్‌లోని ఒక వైరుధ్యం చూపించింది. రోజూ పని యంత్రం చేస్తుంటే మనిషి చేయి తప్పుతుంది. యంత్రం చేతులెత్తేసిన రోజున, అంటే పని అన్నిటికంటే కష్టంగా ఉన్న రోజున, ఆ చేయి తప్పిన మనిషే పట్టుకోవాలి. టంగుటూరు, కొండపి వైపు పొగాకు బ్యారన్లలో ఆకు పచ్చ నుంచి పసుపుకు తిరగడం చూసి వేడి పెంచే మనిషి నేర్పు పుస్తకంలో ఉండదు. అంకెలు మాత్రమే చూపించే యాప్ నాలుగు సీజన్లు నడిస్తే ఆ చూపు తర్వాతి తరానికి అందదు. ఆకు ఫొటో, వేడి, ఆయన తీసుకున్న నిర్ణయం మూడూ పక్కపక్కన దాచే యాప్ అయితే అందుతుంది.

ఈ రెండు పక్షాల్లో ఒకటి గెలిచి ఒకటి ఓడాల్సిన పని లేదని నా అభిప్రాయం. అంతా సజావుగా ఉన్నప్పుడు మాయమవడం, తేడా వచ్చినప్పుడు నోరు తెరిచి కారణం చెప్పడం ఒకే యంత్రం చేయగలదు. ఎప్పుడు నోరు తెరవాలన్నదే కష్టం. చిన్నదానికీ పెద్దదానికీ ఒకే మోత మోగించే ఫోన్‌ను కాపలా మనిషి నాలుగో రోజున సైలెంట్‌లో పెడతాడు. సెన్సర్ బ్యాటరీ తగ్గిందన్నది పొద్దున చూసుకోవచ్చు. ఆక్సిజన్ 3 కిందికి దిగిందన్నది ఆగని కాల్‌గా రావాలి. ఎత్తకపోతే ఇంకొకరికి వెళ్లాలి.

## ఇంట్లో ఐదుగురు, అకౌంటు ఒకటి

యాప్‌లు ఒక మనిషికి ఒక ఫోన్ అన్న లెక్కతో పుట్టాయి. ఇల్లు అలా ఉండదు. చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు నెల్లూరులో అమ్మానాన్నల ఇంటికి స్మార్ట్ పరికరాలన్నీ పెట్టించి తన అకౌంటులో ఉంచుకుంటాడు, ప్రేమతోనే. గీజర్ ఆపడం మర్చిపోతే అక్కడినుంచే ఆపుతాడు. తల్లి వేడినీళ్ల కోసం వేసింది అని అతనికి తెలియదు, కొడుకే ఆపాడని ఆమెకు తెలియదు. గీజర్ పాడైందని మెకానిక్‌ను పిలుస్తారు. ఎవరు, ఎక్కడినుంచి ఆపారో పరికరం దగ్గరే కనిపించి ఉంటే ఆ మెకానిక్ రాడు.

ఎవరి మాట చెల్లాలన్నదానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఆఖరుగా చెప్పినవాళ్ల మాట చెల్లడం సులువు, కానీ పోటీ పడితే అంతు ఉండదు. అకౌంటు యజమాని మాటే చెల్లడంలో గందరగోళం లేదు, కానీ ఇంట్లో ఉన్నవాళ్ల కంటే లేనివాడికి బలం వస్తుంది. గదిలో ఉన్నవాళ్ల మాట చెల్లడం న్యాయంగా తోస్తుంది, దానికి గదిలో ఎవరున్నారో యంత్రానికి ఎప్పుడూ తెలుస్తుండాలి.

ఆ తెలియడమే ఇంకో చిక్కు. లైట్లు, తలుపులు, మోషన్ సెన్సర్ల చిట్టా కలిపి చదివితే ఎవరు ఎప్పుడు లేచారో, ఎప్పుడు బయటికెళ్లారో తెలిసిపోతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కంపెనీలకు నోటీసు, సమ్మతి బాధ్యతలు పెట్టింది. కానీ ఒక వ్యక్తి సొంత లేదా ఇంటి అవసరం కోసం వాడే డేటాకు ఆ చట్టం వర్తించదు. అంటే ఇంట్లో ఒకరు పెట్టిన కెమెరా మిగతావాళ్లనూ పనిమనిషినీ చూస్తుంటే, ఈ చట్టం అక్కడిదాకా రాదు. కెమెరా నడుస్తోందని అందరికీ తెలిసేలా వెలిగే దీపం, దాన్ని కప్పే మూత, ఎవరెవరు చూడగలరో గోడ మీదే తెలిసే దారి లాంటి డిజైన్ నిర్ణయాలే అక్కడ వాళ్లకున్న రక్షణ.

## నెట్ పోయిన రోజు, కంపెనీ మూసిన రోజు

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో ముందు కరెంటు పోతుంది, తర్వాత టవర్ల బ్యాటరీలు అయిపోతాయి. కొన్ని వ్యవస్థల్లో మీరు నొక్కిన బటన్ ఎక్కడో ఉన్న సర్వరుకు వెళ్లి తిరిగి పక్కగదిలోని లైటుకు వస్తుంది. నెట్ లేకపోతే అవి మొద్దుబారతాయి. ఇంకొన్నిట్లో నిర్ణయం గట్టు మీది పెట్టెలోనే జరుగుతుంది, నెట్ పోతే దూరం నుంచి చూడలేరు గానీ నియమాలు ఆగవు. యాప్ తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కొనేముందు తేడా కనపడదు.

సర్వరు మీద ఆధారపడినదానికి ఆయుష్షు కూడా కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే రివాల్వ్ అనే హబ్‌ను, దాని కంపెనీతో సహా, నెస్ట్ 2014లో కొని, 2016 మేలో సేవ ఆపేసింది, కొన్నవాళ్ల చేతిలో పనికిరాని డబ్బా మిగిలింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఈ చిక్కుకు కొంత విరుగుడు. అమెజాన్, యాపిల్, గూగుల్ తదితరులు కలిసి తయారుచేసిన ఈ ప్రమాణం ప్రకారం పరికరాలు ఇంట్లోని నెట్‌వర్క్ మీదే మాట్లాడుకుంటాయి, ఒకే పరికరాన్ని వేర్వేరు కంపెనీల యాప్‌లు నడపగలవు. కానీ అది బల్బులు, ప్లగ్గులు, తాళాల లాంటి ఇంటి సామాను కోసం పుట్టింది. పారిశ్రామిక ప్యానెళ్లలో యంత్రాలు మాట్లాడుకోవడానికి 1979 నాటి మోడ్‌బస్ అనే పద్ధతి ఇంకా నడుస్తోంది.

## లీజు మారినప్పుడు

మన తీరంలో చాలా గుంటలు లీజు మీద నడుస్తాయి. పెట్టె బిగించిన టెక్నీషియన్ ఫోన్‌లోనో, లీజుదారు ఫోన్‌లోనో అకౌంటు ఉంటుంది. పంట అయిపోయి లీజు చేతులు మారితే పాత ఫోన్‌కు ఏరేటర్లు ఆపే అధికారం అలాగే ఉండిపోవచ్చు. అద్దె ఇంటి స్మార్ట్ తాళంలోనూ ఇదే కథ.

దీనికి డిజైనర్లు రెండు దారులు పడతారు. పెట్టె మీద రీసెట్ బటన్ నొక్కితే పాత అకౌంటు చెరిగిపోవడం ఒకటి. సులువే, కానీ గట్టు మీదికి వచ్చిన ఎవడైనా ఆ బటన్ నొక్కగలడు. పాత అకౌంటు ఒప్పుకుంటేనే చేతులు మారడం రెండోది. దొంగకు అడ్డుపడుతుంది, లెక్కల దగ్గర మాటామాటా వచ్చి విడిపోయిన ఇద్దరి మధ్య కొత్తవాడు ఇరుక్కుంటాడు. బటన్ నొక్కగానే పాత ఫోన్‌కు కబురు వెళ్లి, అభ్యంతరం చెప్పడానికి ఒకటి రెండు రోజులు గడువు ఇచ్చి, ఆ గడువులో ఏరేటర్లు మాత్రం గట్టు మీది మీటతో నడిచేలా ఉంచడం మధ్యదారి.

అధికారం చేతులు మారినా చిట్టా మిగిలే ఉంటుంది. మూడు పంటల పాటు ఏ రాత్రి ఆక్సిజన్ ఎంతకు దిగిందో రాసుకున్న లెక్క గుంట గురించిందా, లీజుదారు గురించిందా? గుంట స్వభావం అందులో ఉంది కాబట్టి భూమి యజమాని, కొత్త లీజుదారు అడుగుతారు. ఎంత మేత వేశాడో, ఎన్ని గంటలు డీజిల్ కాల్చాడో కూడా అందులోనే ఉంది కాబట్టి పాత లీజుదారు ఇవ్వనంటాడు. నీటి కొలతలను గుంటకూ, మేత ఖర్చులను మనిషికీ విడిగా రాసిపెట్టే యాప్ అయితే ఇద్దరి మాటా నిలుస్తుంది. కానీ అన్నీ ఒకే చిట్టాలో కలిపి రాసేశాక తర్వాత విడదీయడం దాదాపు కుదరదు, ఆ విభజన మొదటి తెర గీసిన రోజే జరగాలి.